వార్తకూ ఆర్డరుకూ మధ్య దూరమెంత?

బళ్లారిలో ఫ్యాక్టరీలకు సరుకు వేసే దుకాణాలకు కొదవ లేదు. బేరింగులు, హోస్ పైపులు, సేఫ్టీ బూట్లు, వెల్డింగ్ రాడ్లు, కన్వేయర్ బెల్టులు అన్నీ దొరుకుతాయి. వీటిని నడిపేవాళ్లలో ఇంట్లో తెలుగు మాట్లాడి, కౌంటరు దగ్గర కన్నడం మాట్లాడి, కొటేషన్ మాత్రం ఇంగ్లిషులో పంపేవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లందరికీ అనుభవంలో ఉన్న చిక్కు ప్రశ్న ఒకటుంది. ఇద్దరి దగ్గరా ఒకే బ్రాండు సరుకు, ధరలో తేడా నామమాత్రం, ఇద్దరూ ఒకే ఫ్యాక్టరీ పర్చేజ్ ఆఫీసుకు మెయిల్ పెట్టారు. ఒకరికి నెలలు గడిచినా ఉలుకూ పలుకూ లేదు. రెండో ఆయనకు వారం తిరక్కుండానే ఫోన్ వచ్చింది: “ఒకసారి వచ్చి కలవండి.”

పరిచయం ఉండి ఉంటుందంటారు కొందరు. అదృష్టం అంటారు ఇంకొందరు. పరిచయం పనిచేస్తుంది, కాదనను. కానీ పరిచయం లేని కొత్తవాడికి కూడా జవాబు వచ్చిన సందర్భాలను పక్కపక్కన పెట్టి చూస్తే వేరే కారణం బయటపడుతుంది. ఆ మెయిల్ వెళ్లినప్పుడు అవతలి కంపెనీలో ఏదో కదులుతోంది. రాసినాయనకు ఆ కదలిక గురించి ముందే తెలుసు, అది తన సరుకుతో ఎక్కడ ముడిపడుతుందో లెక్క వేసుకున్నాడు. కంపెనీల గురించి బయటికొచ్చే వార్తలను చదివి, వాటినిబట్టి ఎప్పుడు అడగాలో, ఏమని అడగాలో తేల్చుకునే ఈ పని వెనక మనస్తత్వ శాస్త్రం ఉంది, కొంత లెక్క ఉంది, ఫ్యాక్టరీ లోపలి కార్యకారణాల గొలుసు ఉంది. బళ్లారి లాంటి గనుల జిల్లాలో దీన్ని కళ్లకు కట్టినట్టు చూడవచ్చు.

నూరు తలుపుల లెక్క

ముందు లెక్క. ఆస్ట్రేలియాలోని ఎరెన్‌బర్గ్-బాస్ ఇన్‌స్టిట్యూట్‌లో మార్కెటింగ్ శాస్త్రం బోధించే జాన్ డాస్ 2021లో ఒక చిన్న లెక్కను ప్రచారంలోకి తెచ్చారు. ఒక కంపెనీ ఏదో ఒక పరికరాన్ని అయిదేళ్లకోసారి మారుస్తుందనుకుందాం. అంటే నూరు కంపెనీల్లో ఏడాదికి ఇరవై మాత్రమే దాన్ని కొంటాయి. మూడు నెలలకైతే అయిదు. ఈ మూడు నెలల్లో మీరు నూరు తలుపులు తట్టినా తొంభై అయిదు చోట్ల అవసరమే లేదు. అక్కడ మీ మాటకారితనం, మీ డిస్కౌంటు ఏవీ పనిచేయవు.

మరి ఆ అయిదు తలుపులు ఏవో ఎలా తెలుస్తుంది? ఇక్కడే వార్త పనికొస్తుంది. కొత్త యూనిట్ పెడుతున్నారనో, పాత ఫర్నేసును ఆపి బాగుచేస్తున్నారనో, యాజమాన్యం మారిందనో తెలిస్తే ఆ తలుపు వెనక అవసరం ఉండే సంభావ్యత మామూలు కంటే పెరుగుతుంది. ఖాయమవదు. నూరు చోట్ల వృథా చేసే శ్రమను పదిచోట్ల పెట్టడానికి మాత్రం చాలినంత ఆధారం దొరుకుతుంది.

అయితే వార్త వచ్చింది కదా అని వెంటనే ఫోన్ చేయడం చాలామంది చేసే తప్పు. 2011లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో వచ్చిన ఒక అధ్యయనం ఈ తొందరకు ఊపిరి పోసింది. ఎంక్వైరీ వచ్చిన గంటలోపు స్పందించిన సంస్థలు, గంట దాటాక స్పందించిన వాటికంటే దాదాపు ఏడు రెట్లు ఎక్కువగా అవతలి నిర్ణేతతో పనికొచ్చే మాట మాట్లాడగలిగాయని అందులో తేలింది. దాన్ని పట్టుకుని ‘ఎంత త్వరగా అయితే అంత మంచిది’ అని సేల్స్ మీటింగుల్లో ఊదరగొడుతుంటారు. కానీ ఆ లెక్క కొనేవాడే తలుపు తట్టి అడిగిన సందర్భాలది. పత్రికలో పడ్డ వార్త ఎంక్వైరీ కాదు. అక్కడ ఎవరూ మిమ్మల్ని ఏదీ అడగలేదు.

ఈ జిల్లా నల్లరేగడి రైతుకు ఇది కొత్త పాఠమేం కాదు. వాన పడగానే ఎవరూ గొర్రు కట్టరు. ఆ బురదలో ఎద్దు కాలు దిగబడుతుంది, విత్తనం కుళ్లుతుంది. నాలుగు రోజులు ఆగితే పదును వస్తుంది. ఇంకా ఆగితే నేల బీటలిచ్చి విత్తనం మొలవదు. ఎర్రనేలకు ఒక పదును, నల్లనేలకు ఒక పదును. వార్త వాన లాంటిది. అమ్మేవాడు కనిపెట్టాల్సింది తన సరుకుకు పదును ఎప్పుడన్నది.

ఫర్నేసు ఆగితే ఎవరికి ఎప్పుడు పని?

తోరణగల్లులోని జేఎస్‌డబ్ల్యూ విజయనగర్ ఉక్కు కర్మాగారం దేశంలోని అతిపెద్ద ఉక్కు కర్మాగారాల్లో ఒకటి. అక్కడి మూడో నంబరు బ్లాస్ట్ ఫర్నేసు సామర్థ్యాన్ని ఏడాదికి 30 లక్షల టన్నుల నుంచి 45 లక్షల టన్నులకు పెంచడానికి 2025 సెప్టెంబరు చివర్లో దాన్ని ఆపారు. కంపెనీ త్రైమాసిక ఫలితాల ప్రకటనలో ఆ మాట వచ్చింది. వార్త చదివిన రిఫ్రాక్టరీ ఇటుకల వ్యాపారి మర్నాడే కొటేషన్ పంపితే ఏమవుతుంది?

ఏమీ కాదు. ఆ కొనుగోలు ఎప్పుడో అయిపోయి ఉంటుంది.

బ్లాస్ట్ ఫర్నేసు లోపలి అరుగు భాగంలో కరిగిన ఇనుము నిలుస్తుంది. ఆ వేడిని తట్టుకునే కార్బన్ బ్లాకులు, గోడల్ని చల్లబరిచే స్టేవులు దుకాణంలో దొరికే సరుకు కావు. కొలతలిచ్చి చేయించాలి, కొన్ని విదేశాల నుంచి ఓడ మీద రావాలి. కాబట్టి అవి ఫర్నేసు ఆగడానికి చాలా ముందే ఆర్డరవుతాయి. బోర్డు అనుమతి ఇచ్చాక డిజైన్ జరుగుతుంది. డిజైన్ అయ్యాక ఇంజినీర్లు స్పెసిఫికేషన్ రాస్తారు. స్పెసిఫికేషన్ మీద ఎంక్వైరీలు వెళ్తాయి, టెక్నికల్ బిడ్లు చూస్తారు, ధర దగ్గర బేరం నడుస్తుంది, చివరికి పర్చేజ్ ఆర్డరు. అసలైన తలుపు తెరిచి ఉండేది డిజైనుకూ స్పెసిఫికేషనుకూ మధ్య. కాగితం మీద ఒకసారి ఫలానా రకం అని పడ్డాక కొత్తవాడు చేయగలిగింది ధర తగ్గించడమే.

గొలుసులో కిందికి వచ్చేకొద్దీ గడువులు దగ్గరపడతాయి. పాత లైనింగ్ పగలగొట్టే కాంట్రాక్టరు, భారీ క్రేన్లు పనికి కొన్ని నెలల ముందు ఖరారవుతాయి. స్కాఫోల్డింగ్, గ్యాస్ కటింగ్ సిలిండర్లు, చెయిన్ బ్లాకులు వారాల ముందు. సేఫ్టీ హార్నెస్‌లు, గ్లవ్స్, మాస్కులు ఒకసారి మొదట్లో, మళ్లీ పని మధ్యలో కొంటారు. పనికి వచ్చిన వేల చేతులకు భోజనం, మంచాలు, బస్సులు ఆ వారంలోనే కావాలి. అదే ఒక్క వార్త. ఇటుకలవాడికి ఎంతో ఆలస్యం, భోజనాల కాంట్రాక్టరుకు అదే అదను. ఫర్నేసు మళ్లీ వెలిగాక సెన్సర్లు, ఫిల్టర్లు, స్పేర్లు వేసేవాళ్ల వంతు. ఏడాది గ్యారంటీ ముగిసే ముందు ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) వాళ్లది.

ఇందులో మరో మెలిక. కొనేది ‘కంపెనీ’ కాదు, కొందరు మనుషులు. వెబ్‌స్టర్, విండ్ అనే ఇద్దరు పరిశోధకులు 1972లోనే దీన్ని విడమరిచి చెప్పారు: వాడేవారు ఒకరు, సలహా ఇచ్చేవారు ఒకరు, తేల్చేవారు ఒకరు, కాగితం మీద కొనేవారు ఒకరు, సమాచారాన్ని లోపలికి రానిచ్చేవారు, ఆపేవారు మరొకరు. షట్‌డౌన్ వార్త మెయింటెనెన్స్ ఇంజినీరుకు గడువు భయం. సేఫ్టీ అధికారికి ప్రమాదాల భయం. స్టోర్స్ వాళ్లకు జాగా కరువు. ఫైనాన్స్ వాళ్లకు ఉత్పత్తి ఆగిన ప్రతి రోజూ నష్టం. నలుగురికీ ఒకే మెయిల్ పంపితే నలుగురిలో ఎవరికీ తగలదు.

బాక్సు: వార్త ముందుగా ఎక్కడ బయటపడుతుంది?

పత్రికలో పతాక శీర్షికగా వచ్చేసరికి చాలా వార్తలు పాతవైపోతాయి. అవి మొదట బయటపడే చోట్లు వేరే ఉన్నాయి.

స్టాక్ ఎక్స్ఛేంజి ప్రకటనలు: స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2023లో సవరించిన నిబంధనల ప్రకారం లిస్టెడ్ కంపెనీ బోర్డు సమావేశంలో తీసుకున్న కీలక నిర్ణయాన్ని సాధారణంగా సమావేశం ముగిసిన 30 నిమిషాల్లో ప్రకటించాలి. కంపెనీ లోపలి ఇతర పరిణామాలైతే 12 గంటల్లో, బయటి నుంచి వచ్చిన పరిణామాలైతే 24 గంటల్లో. ఇవి ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు.

పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ: 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ కిందికి వచ్చే పెద్ద ప్రాజెక్టులకు సభ పెట్టే ముందు కనీసం 30 రోజుల గడువుతో పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి. ప్రాజెక్టు ముసాయిదా నివేదికను, స్థానిక భాషలో సారాంశాన్ని జిల్లాధికారి కార్యాలయం, జిల్లా పంచాయతీ, జిల్లా పరిశ్రమల కేంద్రం లాంటి చోట్ల ప్రజలకు అందుబాటులో పెట్టాలి. ఎన్ని యూనిట్లు, ఎంత నీరు, ఎంత కరెంటు, ఎంతమందికి పని అన్న వివరాలు అందులో ఉంటాయి.

అర్ధవార్షిక నివేదికలు: పర్యావరణ అనుమతి పొందిన ప్రాజెక్టు ప్రతి ఏటా జూన్ 1న, డిసెంబరు 1న షరతుల అమలుపై నివేదిక ఇవ్వాలి. ధూళి నియంత్రణ, నీటి శుద్ధి, మొక్కల పెంపకం ఎంతవరకు వచ్చాయో అందులో తెలుస్తుంది.

వార్షిక నివేదికలో ‘నిర్మాణంలో ఉన్న ఆస్తులు’ అనే పద్దు పెరుగుతోందంటే ఎక్కడో పని నడుస్తోందని అర్థం. ఉద్యోగ ప్రకటనలు, టెండర్లు సరేసరి.

మనసు ఏ మాటకు తలుపు తీస్తుంది?

కాలం కుదిరింది. ఇప్పుడు మాట. పర్చేజ్ అధికారి రోజుకు చూసే మెయిళ్లన్నిటినీ మనసు పెట్టి చదవలేడు. మెదడు వాటిని చదవకముందే వడకడుతుంది. ఈ వడపోతను 1959లో నెవిల్ మోరే అనే శాస్త్రవేత్త పరీక్షించారు. మనుషుల రెండు చెవుల్లో రెండు వేరువేరు మాటల ధారలు వినిపించి, ఒక దాన్ని మాత్రమే వినమన్నారు. రెండో చెవిలో ఏ మాట ఎన్నిసార్లు వచ్చినా వాళ్లకు గుర్తులేదు. కానీ ఆ ధారలో వాళ్ల సొంత పేరు వినపడినప్పుడు మాత్రం దాదాపు మూడో వంతు మంది గమనించారు. తనకు సంబంధించినదనే సూచన ఉంటే వడపోత కొంచెం సడలుతుంది. మెయిల్ మొదటి వాక్యంలో ‘మేము ఇరవై ఏళ్లుగా ఈ రంగంలో ఉన్నాం’ అని ఉంటే అది రెండో చెవిలోని ధార. ‘మీ మూడో ఫర్నేసు పనిలో...’ అని మొదలైతే అది పేరు పెట్టి పిలిచినట్టు.

వడపోత దాటినంత మాత్రాన పని అయిపోదు. ఎదురుగా ఇంకో గోడ ఉంది. 1988లో శామ్యూల్సన్, జెక్‌హౌజర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు వరుస ప్రయోగాలతో చూపించిందేమంటే, మెరుగైన దారి కళ్లముందు ఉన్నా మనుషులు ఉన్నదాన్నే పట్టుకుని ఉండటానికి మొగ్గుతారు. పర్చేజ్ ఆఫీసులో దీనికి బలమైన కారణమే ఉంది. పాత సప్లయరు సరుకు పాడైతే అది సప్లయరు తప్పు. కొత్తవాణ్ని తెచ్చాక పాడైతే తెచ్చినవాడి తప్పు. అందుకే మామూలు రోజుల్లో కొత్త వెండర్ కోడ్ పుట్టడం కష్టం. విస్తరణ, యాజమాన్య మార్పు, కొత్త నిబంధన లాంటివి వచ్చినప్పుడు ‘ఉన్నది ఉన్నట్టు’ ఎలాగూ కదిలిపోతుంది. మార్పు అనివార్యమైన ఆ కొద్ది కాలంలోనే కొత్తవాడి మాటకు చోటు దొరుకుతుంది. వార్తకు విలువ ఉన్నది ఇందుకే.

ఇక కారణం చెప్పడం గురించి. 1978లో ఎలెన్ లాంగర్ బృందం న్యూయార్క్‌లో ఒక ఫొటోకాపీ యంత్రం దగ్గర చేసిన ప్రయోగం అమ్మకాల పుస్తకాల్లో తరచూ కనిపిస్తుంది, కానీ సగమే కనిపిస్తుంది. అయిదు పేజీలు కాపీ తీసుకోవడానికి వరుసలో ముందుకు రానిమ్మని ఊరికే అడిగితే 60 శాతం ఒప్పుకున్నారు. ‘కాపీలు తీసుకోవాలి కాబట్టి’ అంటూ కారణం కాని కారణం చెప్పినా 93 శాతం ఒప్పుకున్నారు. ‘తొందరగా ఉన్నాను’ అన్న నిజమైన కారణానికి 94 శాతం. దీంతో ‘ఏదో ఒక కారణం చెబితే చాలు’ అని తీర్మానించేస్తారు. కానీ అదే ప్రయోగంలో ఇరవై పేజీలు అడిగినప్పుడు లెక్క మారిపోయింది. ఊరికే అడిగితే 24 శాతం, ఉత్తుత్తి కారణానికి కూడా సరిగ్గా 24 శాతమే. నిజమైన కారణానికి 42 శాతం.

అడిగేది పెద్దదైతే మనసు కారణాన్ని తూకం వేస్తుంది. ఒక ఫ్యాక్టరీ చేత సప్లయరును మార్పించడం ఇరవై పేజీల కంటే చాలా పెద్ద కోరిక. ‘మీ విస్తరణ వార్త చూసి సంతోషించాం, మా బేరింగుల కేటలాగ్ జతచేస్తున్నాం’ అన్న మెయిల్ కారణం కాని కారణమే. అభినందనకూ బేరింగుకూ సంబంధం లేదు. వార్తకూ సరుకుకూ మధ్య ఉన్న ముడిని విప్పి చూపించలేనప్పుడు ఆ వార్తను ఎత్తకపోవడమే మేలు.

సండూరు నుంచి తాడిపత్రికి

సరిహద్దుకు అటూ ఇటూ నడిచిన ఒక నిజమైన సంఘటనను తీసుకుని ఇదంతా అమర్చి చూద్దాం. బళ్లారి జిల్లా సండూరులో 1954లో పుట్టిన గనుల సంస్థ సండూర్ మాంగనీస్ అండ్ ఐరన్ ఓర్స్. అనంతపురం జిల్లా తాడిపత్రిలోని అర్జాస్ స్టీల్‌ను కొనబోతున్నామని ఈ సంస్థ 2024 ఏప్రిల్‌లో ప్రకటించింది. ఎంటర్‌ప్రైజ్ విలువ సుమారు 3,000 కోట్ల రూపాయలు, సండూర్ వాటా 80 శాతం. కొనుగోలు పూర్తయింది అదే ఏడాది నవంబరులో. తాడిపత్రి ప్లాంటుకు చేతులు మారడం కొత్త కాదు. అంతకుముందు అది బ్రెజిల్ సంస్థ గెర్డావ్ పేరుతో నడిచింది.

గుంతకల్లులో హైడ్రాలిక్ హోసులు, ఫిట్టింగులు అమ్మే వ్యాపారి ఒకాయన ఈ వార్త చదివాడనుకుందాం. ఏప్రిల్‌లో మెయిల్ పెట్టాలా? నా అభిప్రాయంలో వద్దు. ఒప్పందం కుదిరినప్పటి నుంచి పూర్తయ్యేవరకు అమ్ముడుపోతున్న కంపెనీలో పెద్ద నిర్ణయాలు సాధారణంగా ఆగుతాయి. కొత్త యజమాని ఏమంటాడో తెలియని అధికారి కొత్త వెండర్‌ను ఎందుకు నెత్తికెత్తుకుంటాడు? ఆ ఏడు నెలలూ చదువుకోవడానికి. సండూర్ చేతిలో ఏముంది? ఇనుప ఖనిజం, మాంగనీసు, హోసపేట దగ్గర వ్యాసనకెరెలో ఫెర్రో అల్లాయ్, కోక్ యూనిట్లు. తాడిపత్రిలో ఏముంది? వాహనాల విడిభాగాల తయారీకి వెళ్లే ప్రత్యేక ఉక్కు. అంటే ముడిసరుకు ఉన్నవాడు, ముడిసరుకు కావలసినవాణ్ని కొన్నాడు. ఈ ఒక్క వాక్యం అర్థమైతే తరవాతి అవసరాలు చాలావరకు ఊహకు అందుతాయి. రెండు చోట్ల మధ్య సరుకు రవాణా, రెండు చోట్లా ఒకేరకం స్పేర్లు కలిపి కొనాలన్న ఒత్తిడి, రెండు వెండర్ జాబితాలను పక్కపక్కన పెట్టి చూసే రోజు.

నవంబరులో కొనుగోలు పూర్తయిన వెంటనే లోపల ఎవరి సంతకం చెల్లుతుందో వాళ్లకే ఇంకా తేలి ఉండదు. ఏప్రిల్ 1న మొదలయ్యే ఆర్థిక సంవత్సరానికి బడ్జెట్లు వేసుకునే కాలం జనవరి నుంచి మార్చి. హోసుల వ్యాపారికి పదును అదే. అతను రాయాల్సింది కూడా అయిదు వాక్యాలకు మించక్కర్లేదు:

“అయ్యా, మీ ప్లాంటు ఇప్పుడు సండూర్ సంస్థలో భాగమైంది. సండూరులో గని యంత్రాలకు, మీ దగ్గర మిల్లు యంత్రాలకు వాడే హైడ్రాలిక్ హోసుల్లో ఉమ్మడి సైజులు ఉంటాయి. మా దుకాణం రెండింటికీ మధ్యలో గుంతకల్లులో ఉంది. ఉమ్మడి సైజులను మా దగ్గర నిల్వ ఉంచి, హోసు పగిలిన రోజే రెండు చోట్లకూ పంపగలం. మీ మెయింటెనెన్స్ వారితో పావుగంట మాట్లాడి సైజుల జాబితా సరిచూసుకునే వీలుంటుందా?”

ఇందులో పొగడ్త లేదు, కేటలాగ్ లేదు. ఒక బహిరంగ వార్త ఉంది. దాని నుంచి పుట్టిన ఒక అవసరం ఉంది. ఆ అవసరం తీర్చడానికి తానే ఎందుకు తగినవాడో చెప్పే ఒక నిజం ఉంది, అతని దుకాణం ఉన్న ఊరు. అడిగింది కూడా చిన్నదే: పావుగంట. దీన్ని ఇంగ్లిషులో రాసినా, కన్నడంలో రాసినా ఎముకల గూడు ఇదే.

శుక్రవారం వార్త, శనివారం వార్త

వార్తను ఒంటరిగా నమ్మితే ఏమవుతుందో బళ్లారి 2022 మే నెలలో చూసింది. మే 20, శుక్రవారం. బళ్లారి, చిత్రదుర్గ, తుమకూరు జిల్లాల గనుల నుంచి ఇనుప ఖనిజాన్ని ఈ-వేలం లేకుండా నేరుగా అమ్ముకోవచ్చని, ఎగుమతి కూడా చేసుకోవచ్చని సుప్రీంకోర్టు అనుమతిచ్చింది. ఏళ్ల తరబడి ఉన్న కట్టడి సడలింది. లారీలు, టైర్లు, లోడర్ల స్పేర్లు అమ్మేవాళ్లకు ఇంతకంటే మంచి వార్త ఉండదనిపిస్తుంది. మే 21, శనివారం. కేంద్ర ప్రభుత్వం ఇనుప ఖనిజం ఎగుమతి సుంకాన్ని 50 శాతానికి పెంచింది, పెల్లెట్ల మీద 45 శాతం వేసింది. కోర్టు తెరిచిన ఎగుమతి తలుపు లెక్క ప్రకారం మూసుకుపోయింది. ఆ సుంకాలను తిరిగి తగ్గించింది నవంబరులో. అదే ఏడాది ఆగస్టులో సుప్రీంకోర్టు బళ్లారి జిల్లా వార్షిక ఖనిజ పరిమితిని 2.8 కోట్ల టన్నుల నుంచి 3.5 కోట్ల టన్నులకు పెంచింది. లారీవాడికీ స్పేర్లవాడికీ నిలకడైన వార్త ఇది. మేలో వచ్చిన రెండు వార్తల కంటే దీనికి చప్పుడు తక్కువ, ఆయుష్షు ఎక్కువ.

చేదు వార్తలో కూడా అవసరాలు దాగి ఉంటాయి. 2011 జులై 29న బళ్లారి జిల్లాలో గనుల తవ్వకాన్ని సుప్రీంకోర్టు నిలిపివేసినప్పుడు ఇక్కడి వ్యాపారం ఒక్కసారిగా కుదేలైంది. ఎందరి జీవనాధారమో పోయింది, ఆ బాధను తక్కువ చేసి చెప్పడం నా ఉద్దేశం కాదు. గనులను ఎ, బి, సి వర్గాలుగా విడదీయడాన్ని 2013 ఏప్రిల్ 18 తీర్పు ఆమోదించింది. సి వర్గం లీజులు రద్దయ్యాయి. మిగతావి మళ్లీ తెరుచుకోవాలంటే పాడైన నేలను బాగుచేసే పునరుద్ధరణ ప్రణాళికలు అమలు చేయాలి. ఆ ప్రణాళికల్లో ఏముంటాయి? వ్యర్థాల కుప్పలు జారకుండా అడ్డుగోడలు, చెక్‌డ్యాములు, ధూళి అణచడానికి నీళ్లు చల్లే ఏర్పాట్లు, మొక్కలు. ఖనిజం కదలని రోజుల్లో గనులకు అత్యవసరమైన కొనుగోళ్లు ఇవే. తీర్పును శీర్షిక వరకే చదివినవాడికి ‘బందు’ కనిపించింది. షరతుల దాకా చదివినవాడికి పని కనిపించింది.

పత్రికకెక్కని కంపెనీలు

బళ్లారిలో జీన్స్ కుట్టే చిన్న యూనిట్లు లెక్కలేనన్ని. వాటిలో ఏదీ స్టాక్ ఎక్స్ఛేంజికి లేఖ రాయదు. వాటి వార్త కొత్త షెడ్డు పునాదిలో ఉంటుంది, ‘టైలర్లు కావలెను’ బోర్డులో ఉంటుంది, కాలుష్య నియంత్రణ మండలి వాషింగ్ యూనిట్లకు ఇచ్చే ఆదేశంలో ఉంటుంది. ఇక్కడ చదవాల్సింది వీధిని. మిగతా సూత్రమంతా మామూలే.

యంత్రం చదివి పెడితే?

ఇప్పుడు వార్తలను యంత్రాలే ఏరి పెడుతున్నాయి. కృత్రిమ మేధతో నడిచే సాధనాలు కంపెనీ ప్రకటన వెలువడిన నిమిషాల్లో దాన్ని చదివి, మెయిల్ కూడా రాసేసి, వందమందికి పంపగలవు. చిన్న వ్యాపారికి ఇది వరమా?

ఆర్థికవేత్త మైకేల్ స్పెన్స్ 1973లో చెప్పిన ఒక సిద్ధాంతం ఇక్కడ దారి చూపుతుంది. అవతలివాడి నాణ్యత మనకు నేరుగా కనపడనప్పుడు అతను ఖర్చు పెట్టి చూపించిన సూచననే నమ్ముతాం. ఎవరైనా తేలిగ్గా ఇవ్వగలిగిన సూచనకు విలువ ఉండదు. ఈ ఆలోచనకే ఆయన 2001లో నోబెల్ పురస్కారం పంచుకున్నారు. ‘మీ కంపెనీ వార్త చదివాను’ అనే వాక్యానికి ఇన్నాళ్లూ విలువ ఉన్నది అది శ్రమకు గుర్తు కాబట్టి. యంత్రం ఆ శ్రమను సున్నా చేస్తే ఆ వాక్యం విలువ కూడా సున్నా వైపే జారుతుంది. కొద్ది కాలంలోనే పర్చేజ్ అధికారి కళ్లు అలాంటి వాక్యాలను కూడా వడకట్టేయడం నేర్చుకుంటాయి.

మిగిలేది యంత్రం చేయలేని భాగం. జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్లి కన్నడ సారాంశం చదవడం, తోరణగల్లు గేటు దగ్గర ఏ కాంట్రాక్టరు బస్సులు పెరిగాయో గమనించడం, తాడిపత్రిలో తెలుగు, సండూరులో కన్నడం మాట్లాడి రెండు స్టోర్సుల్లో ఏం కరువైందో తెలుసుకోవడం. సరిహద్దు జిల్లాలో పుట్టిన మనకు మూడు భాషలు ఇంటి విద్యగా వచ్చాయి. దీన్ని పెట్టుబడిగా చూడమని ఇక్కడి కుర్రవాళ్లకు నేను గట్టిగా చెబుతాను.

దాటకూడని గీతలు

కంపెనీ వార్త వేరు, మనిషి వార్త వేరు. అధికారి ఇంట్లో పెళ్లి, ఆయన ఆరోగ్యం, సోషల్ మీడియాలో పెట్టిన ఫొటోలు తవ్వి మెయిల్‌లో ప్రస్తావిస్తే చదివేవాడికి కలిగేది దగ్గరితనం కాదు, జంకు. వ్యక్తిగత సమాచారానికి 2023 నుంచి దేశంలో ప్రత్యేక చట్టమే ఉంది. ప్రమోషన్ కాల్స్ వద్దనుకున్నవారి కోసం 1909 నంబరు ఉంది. వద్దన్నవాణ్ని వదిలేయాలి. ఫ్యాక్టరీలో ప్రమాదం జరిగి ప్రాణాలు పోయిన వారంలో సేఫ్టీ సామగ్రి కొటేషన్ పంపడం నా దృష్టిలో తప్పు. ఆ కొనుగోలు అవసరమైనదే, అది విచారణ ముగిసి సిఫార్సులు వచ్చాక జరుగుతుంది, అప్పుడు రాయవచ్చు. లోపలివారి నుంచి చాటుగా తెచ్చుకున్న టెండరు వివరాలతో ఆర్డరు కొట్టడం అక్రమం. ఇంత బహిరంగ సమాచారం ఉచితంగా దొరుకుతుంటే ఆ అవసరం కూడా లేదు.

ప్రజాభిప్రాయ సేకరణ సభల గురించి ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. ఆ సభ భూమి పోయేవాళ్లది, ధూళి పీల్చేవాళ్లది, చెరువు నీళ్ల కోసం భయపడేవాళ్లది. అమ్మకందారు అక్కడికి వెళితే వెనక కూర్చుని వినాలి. విజిటింగ్ కార్డులు పంచకూడదు. ఊరివాళ్లు ఏ ధూళి గురించి, ఏ లారీల గురించి ఫిర్యాదు చేస్తున్నారో అవే రేపు అనుమతి పత్రంలో షరతులుగా రావచ్చు. ఆ షరతులను నిజాయితీగా తీర్చే పరికరం మీ దగ్గర ఉంటే మీ అమ్మకం వల్ల ఆ ఊరికీ మేలు జరుగుతుంది.

ఈసారి పత్రికలో కాలుష్య నియంత్రణ మండలి ప్రకటన కనిపిస్తే పేజీ తిప్పేయకండి. సభ జరిగే తేదీ, ప్రాజెక్టు పేరు రాసుకుని జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్లి సారాంశం అడగండి. దాన్ని చదవడానికి రుసుము లేదు.